డ్యాష్ కొట్టనివ్వాలా? కాలేజీ కబడ్డీ గాయాలపై ఒక సంవాదం

అంతర్ కళాశాల కబడ్డీలో గాయాలు తగ్గాలన్న విషయంలో కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా రెండో మాట వినపడదు. ఎలా తగ్గించాలన్న దగ్గరే దారులు చీలిపోతాయి. ఇక్కడ మాట్లాడుతున్న ఇద్దరిలో ఒకరు డిగ్రీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ (పీడీ). అమ్మాయిల జట్టునూ అబ్బాయిల జట్టునూ ఏటా తెలంగాణ యూనివర్సిటీ పోటీలకు తీసుకెళ్ళే మనిషి. రెండోవారు ఒకప్పుడు యూనివర్సిటీ జట్టుకు కవర్ డిఫెండర్‌గా ఆడి, ఇప్పుడు ఊళ్ళలో పిల్లలకు ఆట నేర్పుతున్న కోచ్.

పీడీ: నిబంధనల పుస్తకంలో కొత్తగా చేర్చాల్సింది పెద్దగా లేదు సార్. కూత ఆపించడానికి నోరు మూయడం, గొంతు నొక్కడం, దెబ్బ తగిలేలా మోటుగా పట్టడం, కాళ్ళతో కత్తెర వేయడం, ఇవన్నీ ఎప్పటినుంచో ఫౌళ్ళే. కాళ్ళు, చేతులు, మొండెం తప్ప రైడర్‌ను ఇంకెక్కడా పట్టకూడదు. గోళ్ళు కత్తిరించుకుని రావాలి, ఒంటికి నూనె రాసుకోకూడదు. ఆకుపచ్చ కార్డు హెచ్చరిక, పసుపు కార్డు రెండు నిమిషాలు బయట, ఎరుపు కార్డు చూపితే ఆ మ్యాచ్ ఇక లేనట్టే. ఇంత స్పష్టంగా రాసి ఉంటే మన టోర్నీల్లో జరిగేదేంటి? జెర్సీ పట్టుకు లాగితే ‘ఆటలో మామూలే’ అంటారు. విజిల్ మోగాక, రైడర్ కింద బోర్లా పడి ఉండగా, పైనున్నవాడు లేస్తూ లేస్తూ మోకాలు అతని వీపు మీద ఆనించి, బరువంతా వేసి మరీ లేస్తాడు. చూస్తున్నవాళ్ళు ఈలలేస్తారు. అంపైర్ స్కోరర్ వైపు తిరిగి పాయింట్ చూపిస్తాడు. కార్డు జేబులోనే ఉండిపోతుంది. అమెరికా కాలేజీల్లో మంచు మీద ఆడే హాకీ మనకన్నా మోటు ఆట. అక్కడ కొట్లాటకు దిగినవాడు ఆ మ్యాచ్‌తో పాటు తర్వాతి మ్యాచ్‌కు కూడా దూరం. మళ్ళీ చేస్తే శిక్ష పెరుగుతుంది. మనం అంతదూరం పోనక్కర్లేదు, ఉన్న కార్డు బయటికి తీస్తే చాలు.

కోచ్: మేడమ్, మోకాలితో నొక్కి లేచేవాడిని బయటికి పంపండి, నేను అడ్డు చెప్పను. కానీ తొండి ఆట వేరు, గాయం వేరు. రెండింటినీ ఒకే మూట కట్టి, తొండి ఆపితే గాయాలు ఆగుతాయని పిల్లలకూ తల్లిదండ్రులకూ చెబితే అది నిజం కాదు. మీరన్న ఆ అమెరికా కాలేజీ హాకీలోనే చూడండి. 1995 అక్టోబర్ 20న ట్రావిస్ రాయ్ అనే కుర్రాడు బోస్టన్ యూనివర్సిటీ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. మంచు మీదికి దిగిన 11 సెకన్లకే ప్రత్యర్థిని భుజంతో ఢీకొనబోయి, పట్టు తప్పి, చుట్టూ ఉండే గోడకు తల గుద్దుకుని మెడ విరిగింది. 2020లో చనిపోయేదాకా చక్రాల కుర్చీలోనే గడిపాడు. అందులో ఎవరిదీ తప్పు లేదు, ఎవరికీ శిక్ష పడలేదు. మన ఆటలో పవన్ సెహ్రావత్ సంగతి అందరికీ తెలుసు. 2022 అక్టోబర్‌లో తమిళ్ తలైవాస్‌కు ఆడిన మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం కూర్చున్నాడు. దానికి ఏ రంగు కార్డు చూపిస్తారు?

పీడీ: మీరు నా వాదనే చెబుతున్నారు. నిబంధనల ప్రకారం ఆడినా మెడలు విరుగుతున్నాయంటే, మోకాళ్ళు పోతున్నాయంటే, ఆ నిబంధననే చూడాలి కదా? అందుకే డ్యాష్ సంగతి ఎత్తుతున్నాను. రైడర్ చూపు కార్నర్ మీద ఉంటుంది, ఒక కాలు మ్యాట్‌లో నాటుకుని ఉంటుంది. పక్కనుంచి కవర్ డిఫెండర్ పరుగున వచ్చి భుజంతో గుద్ది గీత అవతలికి తోస్తాడు. అంతర్జాతీయ పోటీలో అయితే గీత అవతల కూడా మ్యాట్ ఉంటుంది. మన దగ్గర? మ్యాట్ అంచు దాటి రెండడుగులు వేస్తే సిమెంటు గచ్చు. దాని మీద స్కోరర్ టేబుల్, ఇనుప కుర్చీలు, సౌండ్ బాక్స్, దాని వైరు. వాటి వెనక, ఇంకా ముందుకు తోసుకొస్తున్న జనం. కుర్రాడు వెనక్కి తూలుతూ వెళ్ళి పడేది వాటి మీదే. హాకీలో ఆ గోడ ఏం చేస్తుందో ఇక్కడ ఆ ఇనుప కుర్చీ అదే చేస్తుంది. కాలేజీ స్థాయిలో, కనీసం ఇంటర్ పిల్లల స్థాయిలో, డ్యాష్ వద్దంటాను. పట్టుకోండి, ఆపండి, పరుగున వచ్చి గుద్దొద్దు.

కోచ్: డ్యాష్ తీసేస్తే కవర్ డిఫెండర్‌కు మిగిలేదేంటి?

పీడీ: బ్లాక్ ఉంది, థై హోల్డ్ ఉంది, చైన్ ఉంది. మన చెడుగుడు తరతరాలు వాటితోనే నడిచింది. ఇది ఒట్టి భయంతో అంటున్న మాట కూడా కాదు. కెనడాలో 11, 12 ఏళ్ళ పిల్లల హాకీని లెక్కగట్టారు. అల్బెర్టా రాష్ట్రంలో ఆ వయసుకే భుజంతో ఢీకొట్టనిచ్చేవారు, క్వెబెక్‌లో ఇచ్చేవారు కాదు. 2010లో అచ్చయిన ఆ అధ్యయనంలో, ఢీకొట్టనిచ్చిన చోట తలకు దెబ్బలు మూడు రెట్లకు పైగా ఎక్కువ తేలాయి. మరుసటి ఏడాదే అమెరికా హాకీ సంఘం ఆ వయసు వారికి ఢీకొట్టడాన్ని తీసేసింది. 2013లో కెనడా సంఘం కూడా తీసేసింది. ఆట చచ్చిపోలేదు. ఇంకొకటి చెబుతాను. అమెరికాలో ఐవీ లీగ్ కాలేజీలు 2016లో తమ ఫుట్‌బాల్‌లో బంతిని తన్ని ఆట మొదలుపెట్టే గీతను 35 గజాల నుంచి 40 గజాలకు జరిపాయి. ఐదు గజాలు, అంతే. దాంతో బంతి ఎక్కువసార్లు చివరి గీత దాటిపోతుంది, రెండు జట్లు ఎదురెదురుగా పరుగెత్తి గుద్దుకునే అవసరం తగ్గుతుంది. వెయ్యి కిక్‌లకు 11 దాకా ఉన్న తల దెబ్బలు 2కు పడిపోయాయి. ఎవరికీ శిక్ష వేయలేదు, ఎవరికీ నీతులు చెప్పలేదు. గీత జరిపారు.

కోచ్: ఆ గీత సంగతి నాకు నచ్చింది మేడమ్, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను. కానీ పిల్లలకు డ్యాష్ దాచిపెడదామన్న మాటతో పేచీ ఉంది. ఎల్లారెడ్డి కుర్రాడు ఎప్పటికీ ఎల్లారెడ్డిలోనే ఆడడు. అంతర్ కళాశాల పోటీల్లో మెరిస్తే యూనివర్సిటీ జట్టు, అక్కడినుంచి సౌత్ జోన్, ఆపైన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. అక్కడ హర్యానా కుర్రాళ్ళు ఎదురవుతారు. పదేళ్ళ వయసు నుంచి మట్టిలో దొర్లినవాళ్ళు. వాళ్ళ డ్యాష్ తగిలినప్పుడు ఎలా పడాలో మనవాడికి తెలియకపోతే ఏమవుతుంది? గడ్డం ఛాతీకి ఆనించి, చెయ్యి చాపకుండా, భుజం మీదుగా దొర్లాలి. చెయ్యి చాపితే మణికట్టు పోతుంది. ఇది చెబితే వచ్చే విద్య కాదు, తగిలి నేర్చుకోవాలి. మీరన్న కెనడా వాళ్ళే 2011లో మరో లెక్క వేశారు. అవే రెండు రాష్ట్రాల్లో 13, 14 ఏళ్ళ పిల్లలను చూస్తే, చిన్నప్పుడు ఢీకొట్టడం నేర్చుకోని క్వెబెక్ పిల్లలు వారానికి మించి ఆటకు దూరమయ్యే గాయాలు ఎక్కువగా తెచ్చుకున్నారు.

పీడీ: అదే అల్బెర్టాలో 2022లో వచ్చిన లెక్క కూడా చెప్పండి మరి. 15 నుంచి 17 ఏళ్ళ వాళ్ళను చూశారు. మూడేళ్ళో అంతకన్నా ఎక్కువో ఢీకొట్టే ఆట ఆడినవాళ్ళకు, తక్కువ ఆడినవాళ్ళకన్నా గాయాలు రెండు రెట్లకు పైగా ఎక్కువ. ‘ముందే నేర్పితే రక్షణ’ అన్న మాట అక్కడే వీగిపోయింది.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి, చెరో వైపూ నిజం ఉందని తప్పుకోవడం తేలిక. కానీ వయసు పట్టి చూస్తే 2022 లెక్కే మన ఇంటర్, డిగ్రీ పిల్లలకు దగ్గరిది. అక్కడ కోచ్ వాదన బలహీనపడిందనే చెప్పాలి. అయితే ఎలా పడాలో నేర్పడం, ఎలా కొట్టాలో నేర్పడం ఒకటే కాదని ఆయన అనడంలో పట్టు ఉంది. పీడీ కూడా ఆ మాట దగ్గర ఎదురు చెప్పలేదు.

కోచ్: సరే, ఆ ఒక్క లెక్కలో ఓడాననుకోండి. ఇప్పుడు కాలేజీ జట్లు ఎలా తయారవుతున్నాయో చూద్దాం. పోటీల నోటీసు వస్తుంది, వారం ముందు సెలెక్షన్ పెడతారు. మూడు నెలలుగా గ్రౌండ్ మొహం చూడని కుర్రాడు ఒంటి బలం చూసి ఎంపికవుతాడు. నాకౌట్ పద్ధతి కాబట్టి గెలిస్తే అదే రోజు ఇంకో మ్యాచ్, మళ్ళీ గెలిస్తే ఇంకోటి. మూడో మ్యాచ్ రెండో సగంలో తొడ కండరాలు మాట వినవు. అప్పుడు మోకాలు తిరిగితే డ్యాష్‌నో తొండినో తిడతాం. ప్రాక్టీసంతా మట్టిలో, పోటీ మాత్రం మ్యాట్ మీద. మట్టిలో కాలు జారుతుంది, జారడం వల్ల కొంత తప్పించుకుంటుంది. మ్యాట్ మీద రబ్బరు బూటు అతుక్కుపోతుంది. పాదం కదలదు, పైన ఒళ్ళు తిరుగుతుంది, మధ్యలో నలిగేది మోకాలు. ఆ తేడా అలవాటు కావడానికి కనీసం కొన్ని వారాలు మ్యాట్ మీద ఆడించాలి. నార్వేలో ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిల మీద చేసిన ఒక పరిశోధన 2008లో వచ్చింది. ఆటకు ముందు 20 నిమిషాల సన్నాహం, అంటే పరుగు, ఒంటికాలి మీద నిలకడ, దూకి సరిగ్గా దిగడం, ఇవే. తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి. దానికి రూపాయి ఖర్చు లేదు. మన జట్లు మ్యాచ్‌కు ముందు ఏం చేస్తాయి? ఒక రౌండ్ కొట్టి, నడుం అటూ ఇటూ తిప్పి, తొడ చరిచి లోపలికి దిగిపోతాయి.

పీడీ: ఇందులో నాకు తగిలే మాట ఉంది, ఒప్పుకుంటాను. సెలెక్షన్ వారం ముందు పెట్టేది మాలాంటి వాళ్ళమే. పరీక్షలు, సిలబస్, సెలవులు అని కారణాలు చెబుతాం. కానీ సార్, సాధన వల్ల తగ్గేది ఒంటరిగా తెచ్చుకునే గాయం. ఎదుటివాడు తెచ్చిపెట్టే గాయం మాటేమిటి? ఎల్లారెడ్డి వైపు తండా నుంచి వచ్చిన అమ్మాయి జట్టులో ఉందనుకోండి. ఆమెను ఆటకు పంపమని ఇంట్లో ఒప్పించడానికే ఒక యుద్ధం. ఎవరో జుట్టు పట్టి లాగి, కింద పడేసి, మెడ పట్టుకున్నారని తెలిస్తే ఆ ఒక్క అమ్మాయే కాదు, ఆ తండా నుంచి తర్వాతి ఏడు ఇంకొక అమ్మాయి రాదు. అబ్బాయిల సంగతి ఇంకో తీరు. ఎక్కువమంది కళ్ళు స్పోర్ట్స్ కోటా మీద, పోలీసు ఉద్యోగం మీద. కానిస్టేబుల్ పరీక్షలో మగవాళ్ళు 1600 మీటర్లు పరుగెత్తాలి. లిగమెంట్ తెగిన మోకాలితో ఆ పరుగు ఎలా పూర్తవుతుంది? ఒక తొండి పట్టుతో పోయేది ఒక పాయింటో ఒక మ్యాచో కాదు, ఆ ఇంటికి రావాల్సిన జీతం.

కోచ్: ఆ మాట కాదనలేను.

పీడీ: అందుకే శిక్ష గట్టిగా ఉండాలంటాను.

కోచ్: శిక్ష వేసేదెవరు? మన పోటీల్లో విజిల్ ఊదేది చాలాసార్లు మరో కాలేజీ పీడీ. వాళ్ళ జట్టు మధ్యాహ్నం ఇదే జట్టుతో ఆడాల్సి ఉంటుంది. ఆతిథ్యం ఇచ్చిన కాలేజీ కుర్రాడికి ఎరుపు కార్డు చూపితే చుట్టూ ఉన్నది వాళ్ళ ఊరి జనం. ఎవరి నిజాయితీనీ నేను శంకించట్లేదు, మనిషి మీద ఉండే ఒత్తిడి గురించి అంటున్నాను. 2023 అక్టోబర్ 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్ గుర్తుంది కదా? భారత్, ఇరాన్ చెరి 28 పాయింట్లు. మోకాలి గాయం నుంచి కోలుకుని వచ్చిన అదే పవన్ కెప్టెన్‌గా రైడ్‌కు వెళ్ళి, ఎవరినీ తాకకుండా కోర్టు పక్కనుండే లాబీలో అడుగుపెట్టాడు. ఇరాన్ డిఫెండర్లు అతని మీద పడి లాబీలోకి వచ్చేశారు. వాళ్ళూ అవుటా, కాదా అన్నదానికి పాత నిబంధన వర్తిస్తుందా, కొత్తదా అన్నది తేలక ఆట దాదాపు గంటసేపు ఆగింది. చివరికి 33-29తో మనం గెలిచాం. అంతర్జాతీయ రిఫరీలు, వీడియోలు, అధికారులు, అందరూ ఉన్న చోట జరిగిందది. మరి వీడియో లేని గ్రౌండ్‌లో ‘ఇది కావాలని చేసిన మోటు పట్టా, పొరపాటున జరిగిందా’ అని ఒక్క క్షణంలో తేల్చమంటే ఎలా? శిక్షలు పెరిగేకొద్దీ అంపైర్ చెయ్యి ఇంకా వెనక్కి పోతుంది. చిన్న శిక్ష వేయడానికే జంకేవాడు పెద్ద శిక్ష వేస్తాడా?

పీడీ: ఇది మీ వాదనల్లో అన్నిటికన్నా గట్టిది. నేను దీనికి జవాబు ఇలా ఇస్తాను. కావాలని చేశాడా లేదా అన్న ప్రశ్నే అంపైర్‌కు పెట్టొద్దు. మనసులో ఏముందో తేల్చడం కోర్టులకే కష్టం. చెయ్యి మెడ మీద పడిందా, పడలేదా? విజిల్ తర్వాత మోకాలు దిగిందా, దిగలేదా? కంటికి కనపడేదానికే పసుపు కార్డు. ఎవరికైనా, ఏ నిమిషంలోనైనా. ఇక అంపైర్ల సంగతి. కామారెడ్డి మ్యాచ్‌లకు నిజామాబాద్ వాళ్ళు, నిజామాబాద్ మ్యాచ్‌లకు కామారెడ్డి వాళ్ళు వస్తే సగం ఒత్తిడి పోతుంది. బస్సు చార్జీ తప్ప ఖర్చేముంది?

కోచ్: అంపైర్లను మార్చుకోవడానికి నేను సిద్ధం. మెడ మీద చెయ్యి పడితే కార్డు, దానికీ సిద్ధం. కానీ పాయింట్ల లెక్కే మోటు ఆటను పిలుస్తోందన్న సంగతి మీరు ఎత్తలేదు. ముగ్గురో అంతకన్నా తక్కువో ఉన్నప్పుడు రైడర్‌ను పడితే సూపర్ ట్యాకిల్, అదనంగా ఒక పాయింట్. వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. రైడర్ చావో రేవో అని లోపలికి చొరబడతాడు, డిఫెండర్లకు ఆ సంగతి తెలుసు కాబట్టి కాచుకుని ఉంటారు. 2014లో ప్రొ కబడ్డీ మొదలయ్యాక టీవీకి ఇది రుచి తెచ్చింది. ఆ ఆటగాళ్ళ వెనక ఫిజియోలు, డాక్టర్లు, కాంట్రాక్టులు ఉన్నాయి. గాయపడి సీజన్ పోగొట్టుకున్న పవన్‌ను మరుసటి ఏడాదే తెలుగు టైటాన్స్ రెండున్నర కోట్లకు పైగా పెట్టి కొనుక్కుంది. మన కుర్రాడు గాయపడితే కొనేదెవరు? మీరు మెచ్చిన ఐవీ లీగ్ పద్ధతిలో పోదామంటే, డ్యాష్ జోలికి పోయేముందు కాలేజీ స్థాయిలో డూ ఆర్ డై తీసి చూడండి. గీత జరపడమంటే నా లెక్కలో అదీ.

పీడీ: తీసేస్తే ఆట చప్పబడుతుందని మీ ఆటగాళ్ళే గోల చేస్తారు.

కోచ్: చేస్తారు. డ్యాష్ తీసేసినా చేస్తారు. ఇంకో సంగతి. గాయమంటే ఆటగాడిదే అనుకుంటున్నాం. 2021 మార్చిలో సూర్యాపేటలో జూనియర్ జాతీయ పోటీలు మొదలయ్యే వేళ గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. వాళ్ళెవరూ కూతకు వెళ్ళలేదు, ఎవరినీ పట్టలేదు. కట్టెలు ఎంత బరువు మోస్తాయో చూసుకోని నిర్వహణ అది. మరుసటి ఏడాది జూలైలో తమిళనాడు కడలూరు జిల్లాలో ఒక కాలేజీ కుర్రాడు రైడ్ మధ్యలో కూలిపోయి ప్రాణం వదిలాడు. చూస్తున్నవాళ్ళ ఫోన్లలో ఆ వీడియో దేశమంతా తిరిగింది. పోటీ ఎక్కడ పెట్టినా ముందు గ్రౌండ్ పక్కన డాక్టరో నర్సో ఉన్నారా, 108 లోపలికి రావడానికి దారి ఉందా అని చూడాలి. కామారెడ్డిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. టోర్నీ రోజుల్లో అక్కడి నుంచి ఒకరిద్దరిని పంపమని అడగడానికి మనకు అడ్డేముంది?

పీడీ: అడగాలి. ఎల్లారెడ్డిలో పోటీ పెట్టినప్పుడు మరీ అడగాలి. లింగంపేట మీదుగా కామారెడ్డి చేరేలోపు మోకాలు గుమ్మడికాయంత వాస్తుంది. ఈ విషయంలో మన మధ్య తగాదా లేదు. మ్యాట్ చుట్టూ కుర్చీలు, సౌండ్ బాక్సులు దూరంగా జరిపించడం, జనాన్ని తాడు కట్టి ఆపడం, ఇందులోనూ లేదు. కానీ సార్, డ్యాష్ మీద నా మాట మారలేదు. ఇంటర్ చదివే 16, 17 ఏళ్ళ పిల్లలు ఆడే మ్యాచ్‌లలోనైనా రెండేళ్ళు ఆపి చూడండి. డిగ్రీ స్థాయి మీకు వదిలేస్తాను.

కోచ్: ఆపితే ఆ రెండేళ్ళ పిల్లలు పైకి వెళ్ళినప్పుడు దెబ్బతింటారని నా భయం. కెనడాది వేరే ఆట, వేరే నేల. మంచు మీద జారే వేగం మనకు లేదు, మన పిల్లలకు హెల్మెట్ లేదు. ఆ లెక్కను తెచ్చి మన మ్యాట్ మీద పరిచి ఇదే నిజమంటే నేను నమ్మను. మీరు నమ్మడానికీ ఆధారం లేదు.

పీడీ: అది మన తప్పే కదా! అమెరికా కాలేజీల సంఘం 1982 నుంచి గాయాల లెక్క రాసుకుంటోంది. ఏ ఆటలో, ఏ పనికి, ఒంట్లో ఏ భాగానికి, ఎన్నాళ్ళు దూరమయ్యారు, అన్నీ. అలాంటి లెక్కలు ఉండబట్టే ఏ గీత జరపాలో ఐవీ లీగ్‌కు తెలిసింది. మన స్కోర్‌షీటులో బోనస్‌కు చోటుంది, లోనాకు చోటుంది, టైమ్ అవుట్‌కు చోటుంది. దెబ్బ తగిలి మోసుకెళ్ళిన కుర్రాడి గురించి రాయడానికి చోటు లేదు. మీరు డూ ఆర్ డై అంటున్నారు, నేను డ్యాష్ అంటున్నాను. ఇద్దరం కళ్ళతో చూసిందే చెబుతున్నాం. ఒక రెండు సీజన్లు ప్రతి గాయం పక్కన ‘డ్యాష్’, ‘యాంకిల్ హోల్డ్’, ‘విజిల్ తర్వాత’, ‘ఒంటరిగా పడ్డాడు’, ‘మ్యాట్ బయట’ అని ఒక పుస్తకంలో రాసిపెడితే చాలు.

కోచ్: రాయండి. నా మాట తప్పని ఆ పుస్తకం తేలిస్తే డ్యాష్ నేర్పడం నేనే మానేస్తాను. మీ మాట తప్పని తేలితే?

పీడీ: పడడం ఎలాగో నేర్పడానికి మా కాలేజీ గ్రౌండ్ మీకు ఏడాది పొడవునా ఇప్పిస్తాను. కానీ పుస్తకం నిండేదాకా ఇంటర్ పిల్లలను డ్యాష్‌కు వదలడం నాకు మనసొప్పదు.

కోచ్: నాకేమో వాళ్ళను పడడం రాకుండా పైకి పంపడానికి మనసొప్పదు మేడమ్.

వీరిద్దరి మధ్య తేలనిది ఆ ఒక్కటే. తేలినవాటికి మాత్రం ఏ సంఘం తీర్మానం కోసమూ, ఏ యూనివర్సిటీ ఉత్తర్వు కోసమూ ఆగనక్కర్లేదు. మీ ఇంటి పిల్లలు కాలేజీ జట్టులో ఉంటే, ఈసారి పోటీ మొదలయ్యే ముందు నిర్వాహకులను ఈ సంగతులు అడగండి: మ్యాట్ చుట్టూ ఖాళీ ఎంత వదిలారు, అంపైర్ ఏ కాలేజీ నుంచి వచ్చారు, దెబ్బ తగిలితే చూసేవారెవరు, దాన్ని రాసిపెట్టేవారెవరు. జవాబు రాకపోతే ఆ పుస్తకం మీరే తెరవండి.